ఎక్కడ నొప్పి అని కాదు, ఎలాంటి నొప్పి అని అడగండి

(హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల కౌన్సెలర్లు, స్టాఫ్ నర్సులు, ఆశా కార్యకర్తలు, హెచ్‌ఐవీతో జీవిస్తున్న మహిళల కోసం జరిగిన ఒక శిక్షణలో ఓ వైద్యురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నా మాట చివరి వరసదాకా వినపడుతోందా? సరే.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఈ నెలలో మీ సెంటర్‌కి ఎంతోమంది ఆడవాళ్ళు మందుల కోసం వచ్చి ఉంటారు. వాళ్ళలో ఎంతమందిని మీరు "అమ్మా, నీకు నొప్పులేమైనా ఉన్నాయా" అని అడిగారు? బిళ్ళలు సరిగా వేసుకుంటున్నావా అని అడిగాం. డబ్బాలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాం. దగ్గుందా, జ్వరముందా, బరువు తగ్గావా, రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా, టీబీ కోసం ఈ నాలుగూ అడుగుతాం. అడగాలి కూడా. మరి నొప్పి? చేతులెత్తండి చూద్దాం.

ఎవరూ ఎత్తడం లేదు. నేనూ ఎత్తలేను. చాలా ఏళ్ళు నేనూ అడగలేదు. అడగలేదు సరికదా, వాళ్ళే చెప్పినా వినలేదు. అది చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మన దేశంలో 2004 ఏప్రిల్ 1న మొదలైంది. ఎక్కువ కేసులున్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజులు చూసినవాళ్ళు ఇక్కడ కొందరున్నారు. మంచం మీద మోసుకొచ్చిన మనిషి మూడు నెలల తర్వాత నడిచొచ్చి నమస్కారం పెట్టేది. మాకు అదే పెద్ద పండగ. ఆ మనిషి "మేడమ్, ఒళ్ళు నొప్పులండీ" అంటే ఏమనేవాళ్ళం? ప్రాణం దక్కింది కదమ్మా, నొప్పులదేముంది అనేవాళ్ళం.

మిర్చి యార్డుకి పనికెళ్ళే ఒకామె నా దగ్గరికి వచ్చేది. కాయకి ముచ్చికలు తీసే పని. మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు. వచ్చినప్పుడల్లా "అరికాళ్ళు మండుతున్నాయండీ" అనేది. నేను కేస్ షీట్‌లో ఒళ్ళు నొప్పులు అని రాసి పారాసెటమాల్ ఇచ్చేదాన్ని. మళ్ళీ వచ్చేది, మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే బిళ్ళ. ఒకరోజు ఒంటి చెప్పుతో వచ్చింది. రెండోది ఏదమ్మా అంటే, "బస్సు దిగాక చూసుకున్నానండీ, ఎక్కడ ఊడిపోయిందో తెలియలేదు" అంది. రాత్రిళ్ళు తడి గోనెపట్టా మీద కాళ్ళు పెట్టుకుని పడుకుంటుందట. దుప్పటి కాళ్ళకి తగిలినా ఓర్చుకోలేదట. ఇవన్నీ నేను అడిగితే చెప్పింది. అంతకుముందు అడగలేదు కనుక చెప్పలేదు.

చెప్పు ఊడినా తెలియకపోవడం, అరికాళ్ళు మండటం. రెండూ కలిస్తే ఏమిటర్థం? నరాలు దెబ్బతిన్నాయని. ఆ రోజుల్లో మనం ఇచ్చిన మూడు మందుల్లో స్టావుడిన్ అని ఒకటి ఉండేది. ప్రాణాలు నిలబెట్టిన మందే, కాదనను. కానీ కాళ్ళలో, చేతుల్లో చివరి నరాలను తినేస్తుంది. చెంపలు లోపలికి పోయేలా చేస్తుంది. 2009 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని క్రమంగా మానేయమని చెప్పింది. తర్వాత మనమూ మానేశాం. మందు ఆగింది, నిజమే. కానీ అప్పటికే దెబ్బతిన్న నరం చాలామందిలో పూర్తిగా కోలుకోలేదు. ఇప్పుడు మీ సెంటర్‌కి వచ్చే 45, 50 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆనాటి స్టావుడిన్ కాళ్ళతో నడుస్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ పాత పుస్తకం తీసి చూడండి.

స్టావుడిన్ ఒక్కటే కాదు. హెచ్‌ఐవీ క్రిమి వల్ల కూడా నరాలు పాడవుతాయి. టీబీ రాకుండా ఇచ్చే ఐసోనియజిడ్ బిళ్ళ శరీరంలో బీ6 విటమిన్‌ని తగ్గిస్తుంది. అందుకే పక్కన పిరిడాక్సిన్ ఇస్తాం. ఆ చిన్న బిళ్ళని "ఇది విటమినే కదా" అని పారేస్తున్నారు. విటమినే కదా అని చెప్పి ఇచ్చింది ఎవరు? మనమే. "అమ్మా, ఇది నీ కాళ్ళు మండకుండా కాపాడే బిళ్ళ" అని చెప్పి ఇచ్చి చూడండి, పారేయదు. ఇక షుగరు ఉంటే అదొక దెబ్బ, బీ12 తక్కువైతే అదొక దెబ్బ.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మన ఆడవాళ్ళు నొప్పి గురించి ఎంత స్పష్టంగా మాట్లాడతారో మీరెప్పుడైనా గమనించారా? పోటు అంటారు. సలుపు అంటారు. గుంజుతోంది అంటారు. కాళ్ళు పీకుతున్నాయి అంటారు. ఒళ్ళు తీపులు అంటారు. చీమలు పాకుతున్నట్టుంది, సూదులు గుచ్చుతున్నట్టుంది, కారం రాసినట్టుంది, కడుపులో మెలిపెడుతోంది, జివ్వుమంటోంది. ఇన్ని మాటలు! మన కలం దగ్గరికొచ్చేసరికి ఇవన్నీ ఒకే మాటైపోతాయి. ఒళ్ళు నొప్పులు.

అవి ఒకటి కాదమ్మా. మంట, తిమ్మిరి, సూదులు, చీమలు అన్నదంటే నరాల వైపు చూడాలి. దానికి పారాసెటమాల్ పెద్దగా పనిచెయ్యదు. గాబాపెంటిన్ లాంటి మందులు కావాలి. మగతగా ఉంటుంది కనుక రాత్రిపూట చిన్న మోతాదుతో డాక్టరు మొదలుపెడతారు. గుంజుడు, పీకు, తీపు అన్నదంటే కండరాలు, రక్తహీనత, పని ఒత్తిడి చూడాలి. జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు మీద ఉన్నవాళ్ళకి రక్తం తగ్గుతుంది, కండరాలూ నొస్తాయి. సర్పి వచ్చి తగ్గిపోయాక ఆ పక్కటెముకల మీద, చీర తగిలితే కూడా మండుతోంది అంటే అది సర్పి మిగిల్చిన నరం నొప్పి. మచ్చ మాసిపోయింది కాబట్టి నొప్పి అబద్ధం అనుకోకండి. తుంటి దగ్గర లోపల నొప్పి, కుంటుతోంది, బాసింపట్టు వేసుకోలేకపోతోంది అంటే తుంటి ఎముకకి రక్తం అందడం లేదేమో చూడాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో అది మామూలు వాళ్ళకన్నా ఎక్కువ.

ఒకే ఒక్క రకం నొప్పి ఉన్నవాళ్ళని మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపించండి. సీడీ4, అంటే రోగాన్ని తట్టుకునే కణాల లెక్క, తక్కువున్న మనిషికి కొత్తగా తలనొప్పి మొదలై, రోజురోజుకీ పెరుగుతూ, వాంతులో జ్వరమో తోడైతే అది మెదడు పొరల జబ్బు కావచ్చు. అక్కడ మాటలతో పొద్దు పుచ్చకండి.

అందుకే అంటున్నాను, ఎక్కడ నొప్పి అని అడిగి ఆగిపోకండి. ఎలాంటి నొప్పి అని అడగండి. ఆమె అన్న మాటని ఆమె అన్నట్టే తెలుగులో రాయండి. "కారం రాసినట్టు మంట, రాత్రి ఎక్కువ" అని రాయండి. డాక్టరుకి సగం పని మీరే చేసిపెట్టినవాళ్ళవుతారు.

అంకెల్లో చెప్పమంటే చెప్పలేరు కదా మేడమ్ అని ఒక సిస్టర్ నన్నడిగింది. సున్నా నుంచి పది అంటే చాలామందికి తోచదు, నిజమే. నేను రూపాయి లెక్కలో అడుగుతాను. "నువ్వు ఓర్చుకోలేని నొప్పి రూపాయనుకో. ఇప్పుడెంతుందమ్మా?" వెంటనే చెబుతారు. ముప్పావలా అంటారు. అర్ధరూపాయి అంటారు. ఒకామె "రూపాయి దాటిపోయిందండీ" అంది.

ఇప్పుడు ఇంకో మాట. ఇది అన్నిటికన్నా ముఖ్యం, కాస్త నిదానంగా చెబుతాను. మనం అడగకపోతే ఆమె నొప్పి ఎక్కడికి పోతుంది? పోదు. మెడికల్ షాపుకి వెళుతుంది. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళుతుంది. నాట్ల కాలంలో, మిరపకోతల కాలంలో పొద్దున ఒక నొప్పి బిళ్ళ వేసుకుని చేలోకి దిగకపోతే ఆ రోజు కూలి లేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, అక్కడ దొరికేవి అవే. సూది వేయించుకుంటే ఇంకా తొందరగా తగ్గుతుంది. ఆ సూదిలో ఏముందో ఆమెకి తెలియదు.

మనమిచ్చే బిళ్ళలో ఏముంది? టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. టెనోఫోవిర్ కిడ్నీల మీద భారం వేసే మందు. అందుకే క్రియాటినిన్ పరీక్ష చేస్తాం. దాని మీద రోజూ డైక్లోఫెనాక్ పడితే? కిడ్నీ ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? క్రియాటినిన్ పెరిగిందని మనం ఏఆర్‌టీ మందు మారుస్తాం, ఆమె మాత్రం నొప్పి బిళ్ళ వేసుకుంటూనే ఉంటుంది. ఎందుకంటే మనం అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆర్‌ఎంపీకి ఎందుకు చెప్పదు ఏఆర్‌టీ మీద ఉన్నానని? ఆయన అదే ఊరివాడు. ఆయన భార్యా, ఈమె తోటికోడలూ ఒకే పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటారు. చెప్పమని మనమెలా అంటాం? చెప్పక్కర్లేదు. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ఆమె సంగతి ఆమె అనుమతి లేకుండా ఎవరూ బయటపెట్టకూడదంటుంది. చెప్పాలో వద్దో ఆమె ఇష్టం. కానీ చెప్పకుండానే కాపాడుకునే మాట ఒకటి మనం నేర్పొచ్చు. "నాకు కిడ్నీ టెస్టులు జరుగుతున్నాయండీ, నొప్పి బిళ్ళలు, నొప్పి సూదులు వద్దన్నారు." ఇంతే. ఇందులో అబద్ధం లేదు. గుట్టు బయటపడదు. ఈ ఒక్క మాట ఇవాళ రాసుకోండి. సెంటర్‌కి వెళ్ళాక మీ దగ్గరికి వచ్చే ప్రతి మనిషికీ ఇది నేర్పండి.

మొదటి మందులు పనిచెయ్యక సెకండ్ లైన్ మందుల మీద ఉన్నవాళ్ళ సంగతి ఇంకా జాగ్రత్త. అటజనావిర్, లోపినావిర్ బిళ్ళల్లో రిటోనావిర్ కలిసి ఉంటుంది. అది కాలేయంలో వేరే మందులు విరగకుండా ఆపేస్తుంది. మోకాలి కీలులోకి ట్రయాంసినలోన్ అనే స్టెరాయిడ్ సూది వేస్తారు కదా, ఆ ఒక్క సూది వీళ్ళ ఒంట్లో వారాల తరబడి నిలిచిపోయి, ముఖం ఉబ్బి, షుగరు పెరిగి నానా అవస్థా పడతారు. పార్శ్వపు తలనొప్పికి ఇచ్చే ఎర్గోటమిన్ బిళ్ళ అయితే మరీ ప్రమాదం. వేళ్ళకి రక్తం ఆగిపోయి నల్లబడతాయి. నరాల నొప్పికని బయట కార్బమజెపిన్ రాసిచ్చినా మనకి చిక్కే. అది డోలుటెగ్రావిర్‌ని ఒంట్లో నిలవనివ్వదు. మోతాదు మార్చాలి, లేకపోతే వైరస్ మళ్ళీ లేస్తుంది. ఇవన్నీ మీరు కంఠస్థం చెయ్యక్కర్లేదు. "బయట ఏం మందు వాడుతున్నా, రేకు పారేయకుండా తీసుకురామ్మా" అని చెప్పండి. ఖాళీ రేకు చాలు, డాక్టరు చూసుకుంటారు.

నొప్పికి క్యాల్షియం ఇచ్చామనుకోండి, ఐరన్ ఇచ్చామనుకోండి. పరగడుపున డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకుంటే ఆ మందు సరిగా ఒంటబట్టదు. అన్నం తిని రెండూ కలిపి వేసుకోవచ్చు. లేదంటే క్యాల్షియానికి రెండు గంటలు ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ ఏఆర్‌టీ బిళ్ళ వేసుకోవాలి.

నడుం నొప్పి దగ్గరికొస్తాను. మన ఆడవాళ్ళలో నడుం నొప్పి, పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట అనగానే ఏం జరుగుతోంది? గర్భసంచి తీసేస్తున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు తిరగేయండి, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతంలో దేశంలో ముందు వరసలో ఉన్నవి మన రెండు తెలుగు రాష్ట్రాలే. ముప్పై దాటీ దాటకుండానే. కొన్నిసార్లు అండాశయాలు కూడా తీసేస్తారు. అప్పుడు ఎముకలకి బలమిచ్చే హార్మోను ఒక్కసారిగా ఆగిపోతుంది. టెనోఫోవిర్ కూడా ఎముక గట్టిదనాన్ని కొంత తగ్గిస్తుంది. రెండూ కలిస్తే ఎముక గతేమిటి? తీయించుకున్నాక కూడా నడుం నొప్పి అలాగే ఉందండీ అని ఏడ్చినవాళ్ళు ఎందరో నా దగ్గరికి వచ్చారు. ఉంటుంది తల్లీ. ఆ నొప్పి గర్భసంచిది కాదు. వరినాట్లు వేసీ వేసీ అరిగిన నడుముది. ఎవరూ విడదీసి చూడలేదు.

అలాగని పొత్తికడుపు నొప్పిని తేలిగ్గా తీసుకోమనడం లేదు. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీకి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా ఆరు రెట్లు ఎక్కువ. నొప్పి వచ్చేదాకా ఆగకుండా 25 ఏళ్ళ నుంచే పరీక్ష చేయించాలి. పరీక్ష చేయించాక, ఏదీ లేదని తేలాక కూడా నొప్పి నొప్పే. దాన్ని అక్కడ వదిలేయకండి.

మన రంగంలో ఒక మాట ఉంది, టీఎన్‌డీ. టార్గెట్ నాట్ డిటెక్టెడ్. వైరస్ కనపడటం లేదు. రిపోర్టులో ఆ మూడక్షరాలు వస్తే మనకెంత సంతోషం! మూడు తొంభై ఐదులని లక్ష్యం పెట్టుకున్నాం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో నూటికి 95 మందికి ఆ సంగతి తెలియాలి, తెలిసినవాళ్ళలో నూటికి 95 మంది మందులు వాడాలి, వాడేవాళ్ళలో నూటికి 95 మందికి వైరస్ అణగాలి. మంచి లక్ష్యాలు. వాటికోసం మీరు ఎండలో ఎంత తిరిగారో నాకు తెలుసు. కానీ ఆ మూడు లెక్కల్లో ఎక్కడా నొప్పి లేదు. టీఎన్‌డీ వచ్చిన మనిషి మూడు నెలల మందులు ఒకేసారి పట్టుకుని వెళ్ళిపోతుంది. అంటే మనకి ఏడాదికి నాలుగుసార్లు కనిపిస్తుంది. ఆ నాలుగుసార్లూ అడగకపోతే ఇంకెప్పుడు?

ఇది మన దగ్గరే అనుకోకండి. వేర్వేరు దేశాల పరిశోధనలన్నీ కలిపి 2014లో ఒక సమీక్ష చేశారు. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్ళలో నొప్పి ఉన్నవాళ్ళు 54 నుంచి 83 శాతం దాకా తేలారు. అంటే తక్కువలో తక్కువ సగానికి పైనే. అందులో పనిచేసిన రోమీ పార్కర్ అనే ఫిజియోథెరపిస్టు కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఉంటారు. దక్షిణాఫ్రికాలో ఖోసా భాష మాట్లాడే పేద ఆడవాళ్ళు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు, వాళ్ళతో ఒక ప్రయత్నం చేశారు. ఆరు వారాలపాటు వ్యాయామం, నొప్పి గురించి అవగాహన. నడిపించింది డాక్టర్లు కాదు, వాళ్ళలాంటి స్త్రీయే. నొప్పి తగ్గింది. ఇంకో చిత్రం వినండి. పోల్చి చూడటానికి రెండో గుంపుకి తరగతులేమీ పెట్టకుండా ఒక పుస్తకం మాత్రమే ఇచ్చారు, నొప్పి సంగతి అడుగుతూ వచ్చారు. వాళ్ళకీ తగ్గింది. ఎందుకంటారు? నా ఉద్దేశం చెబుతాను. వాళ్ళ భాషలో నొప్పి గురించి రాసిన పుస్తకం చేతికొచ్చింది. ఒక మనిషి వచ్చి నీ నొప్పెలా ఉందమ్మా అని అడిగింది. బహుశా అంతకుముందు వాళ్ళని ఎవరూ అడిగి ఉండరు.

అంటే నొప్పి మనసులోదా? కాదు, దయచేసి ఆ మాట ఎవరితోనూ అనకండి. "అంతా నీ మనసులోనే ఉంది" అంటే ఆ మనిషి మళ్ళీ నోరు విప్పదు. నొప్పిని శరీరం, మనసు రెండూ కలిసి మోస్తాయి. మన దగ్గరికొచ్చే ఒకామెనే తీసుకోండి. కడుపుతో ఉన్నప్పుడు పరీక్ష చేస్తే హెచ్‌ఐవీ ముందు ఆమెకి బయటపడింది, మొగుడు ఆ తర్వాత చేయించుకున్నాడు. కానీ నింద ఎవరిమీద పడింది? నువ్వే తెచ్చావని అత్తింటి వాకిట్లో నిలబెట్టి అడిగారు. ఆ మనిషికి రాత్రి నిద్ర పడుతుందా? నిద్ర లేనిదే నొప్పి తగ్గుతుందా? కౌన్సెలింగు గదిలో మీరు వినే పావుగంట కూడా వైద్యమే. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనం సవరించినప్పుడు, నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటని గౌరవించాలని రాసింది. స్కానులో కనపడితేనే అని రాయలేదు.

మిరపకాయ ప్రాంతంలో ఉన్నాం కాబట్టి ఒక్క సంగతి. మిరపలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. దాన్ని 8 శాతం కలిపిన పట్టీని అరికాళ్ళకి అరగంట వేస్తే హెచ్‌ఐవీ నరాల నొప్పి కొందరికి మూడు నెలలదాకా తగ్గుతుంది. అమెరికా హెచ్‌ఐవీ వైద్యుల సంఘం 2017 సూచనల్లో అది ఉంది. నేనీ మాట చెప్పానని ఎవరైనా కారం నూరి కాళ్ళకి రాసేరు, ఆ పని చెయ్యనివ్వకండి. మందు మోతాదు వేరు, వంటింటి కారం వేరు. స్పర్శ లేని కాలు కాలిపోయినా తెలియదు.

ఇందాక వెనకనుంచి ఒక సిస్టర్ చెయ్యెత్తారు, చెప్పండమ్మా. "మేడమ్, ఓపీలో రోజుకి వందమంది పైనే ఉంటారు, ఇవన్నీ అడిగే టైమెక్కడ?" న్యాయమైన ప్రశ్న. అందుకే అన్నీ అడగమనడం లేదు. ఆ 2017 సూచనల్లోనే రెండు ప్రశ్నలున్నాయి. పోయిన వారం ఒళ్ళు ఎంత నొప్పిగా ఉంది? మూడు నెలలకి పైగా ఉన్న నొప్పేదైనా ఉందా? రెండే. వీటికి వేరే గది అక్కర్లేదు, వేరే మనిషి అక్కర్లేదు. బరువు చూసే మిషను మీద నిలబెడతారు కదా, ఆ అర నిమిషంలో అడగండి. బరువు రాసే రిజిస్టర్లో పక్కన స్కేలు పెట్టి ఒక గడి గీయండి. ఉంది, లేదు. ఉంది అన్నవాళ్ళని మాత్రం కౌన్సెలరు దగ్గరికి పంపండి. వాళ్ళు ఎలాంటి నొప్పో అడిగి, ఆ మాట రాస్తారు.

మరి అడిగాక మన దగ్గర మందు లేకపోతే అని ఇంకొకరు అంటున్నారు. జిల్లా ఆసుపత్రికి రాయండి. అక్కడా లేకపోతే లేదని రాసి పెట్టండి. నూరుమంది పేర్ల పక్కన లేదని రాసి ఉన్న కాగితం పైకి పంపితే, మందులు అడగడానికి మన చేతిలో ఆధారం ఉంటుంది. ఇప్పుడు మన చేతిలో ఏముంది? ఒళ్ళు నొప్పులు అన్న మాట ఉంది, అంతే.

భోజనాలకి ఇంకా ఇరవై నిమిషాలుంది. నరాల పరీక్ష ఎలా చెయ్యాలో చూపిస్తాను. కావలసింది కొంచెం దూది, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్. ఫోర్క్ మోగించి కాలి బొటనవేలి ఎముక మీద పెడతాం, అదురు ఆగిపోయిందని ఆమె ఎప్పుడు చెబుతుందో లెక్కపెడతాం. ముందు చేతి మీద పెట్టి అదురంటే ఏమిటో ఆమెకి తెలియజెయ్యాలి, నేరుగా కాలి మీద పెట్టకూడదు. ఎవరైనా ఒకరు ముందుకు రండమ్మా. చెప్పులు విడిచి, ఇలా కాళ్ళు చాపి ఈ బెంచీ మీద కూర్చోండి. కళ్ళు మూసుకోండి.